అమెరికాలోని యూటాలో తొలితరం మోర్మన్ (ఒక క్రైస్తవ శాఖ) నాయకుల్లో మీకు బాగా నచ్చినవారు ఎవరు? ఎందుకు?

నాకు మార్తా హ్యూస్ కేనన్. ఎందుకో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

డిగ్రీ అయ్యాక మూడేళ్ళు ఒక పెద్ద చీరల దుకాణంలో సేల్స్ గర్ల్‌గా పనిచేశాను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. బేరాలు లేని మధ్యాహ్నం పూట కూడా కూర్చోవడానికి వీల్లేదు. చీర మడతపెట్టే నెపంతో షెల్ఫు అంచుకు నడుము ఆనిస్తే సూపర్‌వైజరు గొంతు సవరించుకునేవాడు. పండుగ రోజుల్లో పాదాల మీద చెప్పుల పట్టీల అచ్చులు తెల్లవారినా పోయేవి కావు. అమ్మ ఉప్పు వేసిన వేడినీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉంచేది.

రెండేళ్ళ క్రితం యూటా రాజధాని సాల్ట్ లేక్ సిటీలో మా తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు మార్తా గురించి మొదటిసారి చదివాను. 1857లో బ్రిటన్‌లోని వేల్స్‌లో పుట్టారు. మోర్మన్ మతంలో చేరిన కుటుంబం 1861లో యూటా చేరింది. దారిలోనే చంటి చెల్లెలు చనిపోయింది, చేరిన మూడు రోజులకే తండ్రి కన్నుమూశాడు. డాక్టరు కావాలన్న పట్టుదలతో మార్తా పత్రికలో కంపోజింగ్ (అచ్చు అక్షరాలు పేర్చే) పని చేసి డబ్బు కూడబెట్టారు. పొట్టి జుట్టు, బురదలో నడవడానికి మగవాళ్ళ బరువైన బూట్లు. 1880లో, సరిగ్గా ఇరవై మూడో పుట్టినరోజున, మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా అందుకున్నారు.

తర్వాత యాంగస్ కేనన్‌కు నాలుగో భార్య అయ్యారు. అంత చదివిన మనిషి ఇదెలా ఒప్పుకున్నారన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మోర్మన్లు పాటించే బహుభార్యత్వం మీద ప్రభుత్వం కేసులు పెడుతున్న రోజులవి. కాన్పులు చేసిన డాక్టరుగా తన సాక్ష్యంతో ఆ బిడ్డల తండ్రులు జైలుకు వెళతారని, 1886లో చంటిబిడ్డతో ఐరోపాకు వెళ్ళిపోయారు. ఆ తెగువకు మాత్రం దణ్ణం పెట్టాలి.

తిరిగి వచ్చాక, 1896లో డెమోక్రాట్‌గా రాష్ట్ర సెనేటుకు పోటీ చేశారు. అదే ఎన్నికలో భర్త రిపబ్లికన్ అభ్యర్థి. ఆయన ఓడారు, ఆమె గెలిచి అమెరికాలోనే తొలి మహిళా రాష్ట్ర సెనేటరు అయ్యారు. అప్పటికి ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్ళకు ఓటే లేదు!

రాష్ట్ర ఆరోగ్య మండలి, బధిర, అంధ బాలలకు తప్పనిసరి చదువు ఆమె చలవే. కానీ నన్ను కదలనివ్వనిది మరొక చట్టం. దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకు కూర్చోవడానికి యజమానులు ఆసనాలు ఏర్పాటు చేయాలి. అది 1897! మన దక్షిణాదిలోనే కేరళలో అలాంటి చట్టం 2018లో వచ్చింది, తమిళనాడులో 2021లో. గంటల తరబడి నిలబడితే ఆడవాళ్ళ ఒళ్ళు ఏమవుతుందో తెలిసిన డాక్టరు చట్టసభలో ఉండబట్టే ఆ ఊహ వచ్చిందని నా నమ్మకం.

మొన్న విజయవాడలో చీర కొంటూ, చూపిస్తున్న అమ్మాయిని “కౌంటరు వెనక స్టూలు ఉందా అమ్మా?” అని అడిగాను. “అయ్యో, ఉండండి మేడమ్” అంటూ నాకోసం కుర్చీ తేవడానికి పరుగెత్తింది.