నొప్పి మాత్రలూ కిడ్నీ జబ్బూ: రిగ్రెషన్ కంటే ముందు బాణాలు గీయండి

తిరుపతిలో ఒక ఆసుపత్రి కిడ్నీ వార్డు రికార్డులు తీసుకుని, డయాలసిస్ దాకా పోయినవాళ్లనూ పోనివాళ్లనూ పోల్చి, వయసు, షుగరు, బీపీ అన్నీ రిగ్రెషన్‌లో (ఒక్కో అంశం ప్రభావాన్ని విడదీసి చూసే గణాంక లెక్కలో) వేస్తే కిడ్నీ జబ్బులో నొప్పి మాత్రల పాత్ర తేలుతుందా అని ఒకరు అడిగారు. తేలదు. తప్పు వార్డు గుమ్మం దగ్గరే, ఎవరు లోపలికి వస్తారన్న చోటే జరిగిపోయింది.

ఊహించిన అంకెలతో చూడండి. ఊళ్లో 10,000 మంది. షుగరున్నవాళ్లు 1000, రోజూ నొప్పి మాత్రలు మింగేవాళ్లు 1000, రెండూ ఉన్నవాళ్లు 100. అంటే రెంటికీ ఏ సంబంధమూ లేదు. షుగరొక్కటే ఉంటే 20 శాతం, మాత్రలొక్కటే అయితే 20, రెండూ ఉంటే 36, ఏదీ లేకుంటే 1 శాతం వార్డుకు వస్తారనుకుందాం. వార్డులో షుగరున్నవాళ్లు 216 మంది, వాళ్లలో మాత్రలవాళ్లు 36, అంటే ఆరో వంతు. షుగరు లేనివాళ్లు 261, వాళ్లలో మాత్రలవాళ్లు 180, అంటే 69 శాతం! ఊళ్లో లేని సంబంధం వార్డులో పుట్టింది. షుగరు డయాలసిస్‌కు తొందరగా తోస్తే, మాత్రలే కిడ్నీని కాపాడినట్టు కనిపిస్తుంది. గణాంకవేత్త జోసెఫ్ బెర్క్‌సన్ 1946లోనే చూపించిన పొరపాటు ఇది. షుగరు రికార్డులో ఉంది కాబట్టి సర్దుతారు, అంటే లెక్కలో దాని ప్రభావాన్ని పక్కకు తీస్తారు. రికార్డుకెక్కని వంశపారంపర్య కారణాలూ ఇదే పని చేస్తాయి, వాటిని దేనితో సర్దుతారు?

తిరుపతిలో చిక్కు ఇంకా ఎక్కువ. దర్శనానికొచ్చి జబ్బుపడిన యాత్రికులూ అదే రిజిస్టర్‌లో ఉంటారు. చిత్తూరు వైపు స్థోమత ఉన్నవాళ్లు వైద్యానికి వేలూరుకు పోతారు. అందుకని చిరునామా చూసి బయటివాళ్లను తీసేయండి. జబ్బు లేనివాళ్లను అవే మండలాల నుంచి ఎంచుకోండి: ఈ జబ్బే వస్తే ఇదే ఆసుపత్రికి వచ్చుండేవాళ్లు కావాలి.

ఇక బీపీ. నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ కిడ్నీని దెబ్బతీస్తుంది. మాత్రలు మొదలయ్యాక కొలిచిన బీపీని సర్దితే, మీరు వెతుకుతున్న నష్టంలో కొంత మీరే చెరిపేసినట్టు. మాత్రలకు ముందటి బీపీ అయితే సర్దాల్సిందే. పేరొకటే, తేదీని బట్టి పాత్ర మారుతుంది. ముందు కాగితం మీద ఏది దేనికి కారణమో బాణాలు గీసి, డాగిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి, ఉచితమే. దేన్ని సర్దాలో, దేన్ని ముట్టకూడదో అదే చూపిస్తుంది. "అన్నీ వేసేయ్, పీ వాల్యూ (ఫలితం కాకతాళీయమో కాదో అంచనా వేయడానికి వాడే అంకె) చూద్దాం" అనే థీసిస్ గైడ్ల మాట వినకండి. రిగ్రెషన్ ఇచ్చిన ఒకే పట్టికలోని ప్రతి గుణకాన్నీ, అంటే ఒక్కో అంశానికి వచ్చిన అంకెనూ, కారణంగా చదివే అలవాటు థీసిస్‌లను పాడుచేస్తోంది.

ఇంకోటి, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎక్కువ కాగానే డాక్టర్లు ఈ మాత్రలు ఆపేస్తారు. కాబట్టి ఇప్పుడు వాడుతున్నారా అని కాదు, జబ్బు బయటపడక ముందటి ఏళ్లలో ఏం వాడారో అడగండి. మందుల షాపులో చీటీ లేకుండా కొన్నవాటికి పేర్లు గుర్తుండవు. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ షీట్లు చేతిలో పెట్టి చూపించండి, వారానికి ఎన్ని, ఎన్నేళ్లు అని రాసుకోండి.