అమ్మానాన్నల కోసం ఏడు సీట్ల బండి కొనకండి

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో దిగి నాలుగు నెలలైన ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, పెద్దవాడికి ఆరేళ్ళు, పాపకి ఏడాదిన్నర. చేతిలో 12 వేల డాలర్లున్నాయి. వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు, ఇంకాస్త లోను తీసుకుని ఏడు సీట్ల బండి కొందామనుకుంటున్నాం. ఏది తీసుకోమంటారు?"

ముందు ఆ ఏడు సీట్ల సంగతి తేల్చేద్దాం. 2009లో మేమూ అచ్చంగా ఇదే అనుకున్నాం. అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారని, రంగురంగుల జెండాలు కట్టిన సెకండ్ హ్యాండ్ కార్లమ్మే ఓ లాటులో 5,500కి పాత ఏడు సీట్ల బండి తెచ్చుకున్నాం. ఎయిర్‌పోర్టుకి వెళ్తే ఏమైంది? పెద్ద సూట్‌కేసులు నాలుగు, చేతి బ్యాగులు, ఆవకాయ అట్టపెట్టె. మూడో వరుస మడిస్తే గానీ పట్టలేదు. వాళ్ళున్న ఆర్నెల్లలో ఆ వెనక సీట్లో మనుషులు కూర్చున్నది ఒక్కసారి, శాన్ ఆంటోనియో వెళ్ళినప్పుడు. వాళ్ళు తిరుగు విమానం ఎక్కిన నెలకి గేర్‌బాక్స్ పోయింది. రిపేరుకి 3,200 అన్నారు. లాటువాడిని వెళ్ళి అడిగితే, కారు అద్దానికి అంటించి ఉన్న కాగితం నకలు తీసి చూపించాడు. "యాజ్ ఈజ్" అన్న గడిలో టిక్కు ఉంది. అంటే కొన్న క్షణం నుంచీ మంచీ చెడూ మనదే. ఆ కాగితాన్ని బయ్యర్స్ గైడ్ అంటారు. డీలరు అమ్మే ప్రతి పాత కారుకీ అది అంటించాలని ఫెడరల్ రూలు. మేము ధర చూశాం గానీ అది చదవలేదు.

కాబట్టి ఎయిర్‌పోర్టు రోజుకి ఓ మినీవ్యాన్ అద్దెకి తీసుకోండి, చాలు. ఆరుగురూ కలిసి గుడికి వెళ్ళాలంటే మాత్రం ఇబ్బందే, కాదనను. రెండో కారు వచ్చేదాకా రెండు ట్రిప్పులు వేసుకోవాల్సిందే.

ఇక 12 వేల లెక్క. చేతిలో 12 ఉంటే కారు ధర 10 దాటకూడదు. టెక్సాస్‌లో కారు మీద 6.25 శాతం సేల్స్ ట్యాక్స్, అంటే పదివేలకి 625 పోతుంది. ఆపైన టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం), రిజిస్ట్రేషన్, మొదటి ఇన్సూరెన్స్, కొనేముందు కారు చూసే మెకానిక్ ఫీజు. పాత కారు కాబట్టి ఓ టైర్ల సెట్టో, బ్యాటరీయో పడుతుంది. ఆ మిగిలిన రెండు వేలు వీటికే సరిపోతాయి. డీలరు దగ్గర కాకుండా సొంతదారు దగ్గరే కొనుక్కుంటే కాగితం మీద రెండు వేలని రాయించి ట్యాక్స్ తగ్గించుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్ళు మనలో ఉంటారు. ఆ పప్పులు ఇక్కడ ఉడకవు. మీరు ఎంత తక్కువ రాసినా, ఆ మోడల్‌కి రాష్ట్రం కట్టిన విలువలో 80 శాతానికి తగ్గకుండా ట్యాక్స్ వేస్తారు.

అప్పు జోలికి పోవద్దనే చెప్తాను. మీకింకా క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డు, లేదు; వడ్డీ గట్టిగానే పడుతుంది. 15 వేలు ఐదేళ్ళకి 7 శాతం మీద తీసుకుంటే నెలకి 297. అదే 14 శాతమైతే 349. అప్పుడు సేల్స్‌మన్ చాలా ప్రేమగా "ఆరేళ్ళకి పెట్టుకోండి సార్, 309కి వచ్చేస్తుంది" అంటాడు. నెలకి 40 తగ్గిందని మనం మురిసిపోతాం. మొత్తం మీద మరో 1,300 ఎక్కువ కట్టి, 15 వేల అప్పుకి 22 వేల పైన చెల్లిస్తాం. అందుకే డీలరు "నెలకి ఎంత కట్టగలరు" అని అడిగితే జవాబివ్వకండి. "అవుట్ ద డోర్ ధర ఎంత?" అని, ట్యాక్సూ ఫీజులూ అన్నీ కలిపిన ఒకే ఒక్క అంకె కాగితం మీద రాసిమ్మనండి. ఇంకొకటి. నచ్చకపోతే మూడు రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చని మనవాళ్ళు చెప్పుకుంటారు. డీలరు దగ్గర కొన్న కారుకి అలాంటి చట్టం ఏమీ లేదు. సంతకం పెట్టారా, అయిపోయింది.

ఏ కారు అంటే నా ఓటు బోరు కొట్టే కార్లకే. కొరోలా, సివిక్, దొరికితే కామ్రీ. పదివేలకి పదేళ్ళ పాతది, లక్ష మైళ్ళ అటూ ఇటూ తిరిగినది వస్తుంది. లక్ష అని భయపడకండి. ఆయిల్ వేళకి మార్చిన రసీదులున్న లక్ష మైళ్ళ కారు, రసీదులు లేని అరవై వేల మైళ్ళదాని కన్నా మేలు. చూడ్డానికి వెళ్ళేటప్పుడు పాప కార్‌సీటు వెంట తీసుకెళ్ళండి. సిగ్గుపడకండి, అక్కడే బిగించి చూడండి. వెనక్కి తిరిగి ఉండే సీటు పెడితే ముందు సీటు ఎంత ముందుకు జరపాలో అప్పుడే తెలుస్తుంది. మావారు ఆరడుగులు. ఒక చిన్న కారులో ఆయన మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఆని, భోజనానికి బాసింపట్టు వేసినట్టు కూర్చున్నారు. పెద్దవాడికి కూడా సీటు ఉండాలి, మరిచిపోకండి. ఎనిమిదేళ్ళ లోపు, నాలుగడుగుల తొమ్మిదంగుళాలు రాని పిల్లలకి టెక్సాస్‌లో బూస్టరైనా (ఎత్తు పెంచే సీటు) తప్పనిసరి. అంటే వెనక రెండు సీట్లు పెట్టాక మధ్యలో పెద్దమనిషి పట్టరు.

అన్నట్టు, పగలు ఆ కారు నడిపేదెవరు? మీరు ఆఫీసుకెళ్తే, బడికీ, కాస్ట్‌కో కొట్టుకీ తిప్పేది మీ ఆవిడే కదా. కొత్తగా నేర్చుకుంటున్న మనిషి, పైగా స్టీరింగ్ ఎడమవైపు. ఆవిడ కూర్చుని, నడిపి, సరేనన్నదే కొనండి. 2018 మే తర్వాత తయారైన కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది గానీ, మీ బడ్జెట్‌లో వచ్చేవాటికి ఉండకపోవచ్చు. లేకపోతే బయట పెట్టించండి, ఆ ఖర్చుకి వెనకాడకండి.

కారు దగ్గరికి వెళ్ళగానే మొట్టమొదట బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచి ఉండొచ్చు. చల్లటి ఇంజను చేసే చప్పుడు మీరు వినకూడదని కావచ్చు. ఇంకో గంటాగి వస్తానని చెప్పండి. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో చేసిన టైరు. గీతలు లోతుగా కనిపిస్తున్నా రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది. సీట్‌బెల్టు చివరికంటా లాగండి. అడుగున మట్టి చారలు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా ఇంకో మాట మాట్లాడకుండా వచ్చేయండి, అది వరదలో మునిగిన కారు కావచ్చు. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు హ్యూస్టన్‌లో మునిగిన కార్లు లెక్కలేనన్ని. వడగళ్ళ దెబ్బ తిన్నదైతే అది వేరే సంగతి. డాలస్‌లో వసంతకాలం వస్తే వడగళ్ళే. పైకప్పు మీద చపాతీ పిండిని వేలితో నొక్కినట్టు గుంటలుంటాయి, అంతే. ధర బాగా తగ్గుతుంది, బండి నడకకి ఏ లోటూ ఉండదు. మా రెండో కారు అదే. చుట్టాలు ఫోటో చూసి నవ్వారు, మేము పదకొండేళ్ళు నడిపాం.

మే, జూన్‌లలో ఇండియా వెళ్ళిపోయేవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో కార్లు పెడతారు. మంచివి దొరుకుతాయి. అయితే మనవాడే కదా అని మెకానిక్‌కి చూపించడం మానకండి. మొహమాటం పడితే నష్టం మీకే. టైటిల్ చేతిలో ఉందా, బ్యాంకు దగ్గర ఉందా అడగండి. లోను ఇంకా మిగిలి ఉంటే టైటిల్ బ్యాంకు దగ్గరే ఉంటుంది, అమ్మేవాడి చేతిలో ఉండదు. డబ్బు చేతిలో పెట్టే రోజున ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకెళ్ళి అక్కడే బదిలీ చేయించుకోండి. నంబరు ప్లేటు అమ్మినాయన విప్పి తీసుకుంటాడు, కంగారుపడకండి, ఇక్కడ పద్ధతి అదే.

ఇన్సూరెన్స్‌లో 30/60/25 అన్నది చట్టం అడిగే కనీసం, అంకెలు వేల డాలర్లలో. మొదటి రెండూ ఎదుటివాళ్ళ గాయాలకి: ఒక్కరికి 30, అందరికీ కలిపి 60. ఆ చివరి 25 అంటే ఎదుటివాళ్ళ ఆస్తికి మీరు చేసిన నష్టానికి 25 వేల దాకా కంపెనీ కడుతుంది. ఈ ఊళ్ళో కొత్త పికప్ ట్రక్కుని గట్టిగా గుద్దితే అది చాలదు, మిగతాది మీ జేబులోంచే. ఇంకాస్త పెట్టి ఆ అంకె పెంచుకోండి. ఇన్సూరెన్స్ లేకుండా తిరిగేవాళ్ళు గుద్దితే వచ్చే కవరేజీ కూడా అడగండి.

ఈ శనివారం ఏదైనా చూడ్డానికి వెళ్తుంటే పదిహేడక్షరాల విన్ నంబరు (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) ముందే నాకు పంపండి, రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి, ఏమైనా ఉన్నాయేమో ప్రభుత్వం వాళ్ళ సైటులో ఉచితంగానే చూడొచ్చు. మావారిని కూడా పంపిస్తాను. బానెట్ మీద చెయ్యి పెట్టి తల పంకించడమంటే ఆయనకి మహా సరదా.