సమాధానం: డిగ్రీ అయింది, నలుగురిలో నోరు విప్పడు

అక్కా, మీ తమ్ముడు డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా పరకాల దగ్గర ఊళ్లోనే ఉంటున్నాడని, ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్ పడుతున్నాడని రాశారు. హనుమకొండలో మళ్లీ స్పోకెన్ ఇంగ్లిష్‌కు పంపాలా అన్నారు. ఇప్పుడే వద్దు. తెలుగులోనే నోరు పెగలనివాడికి ఇంగ్లిష్ ఏం చేస్తుంది?

ముందు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో అడగండి. అందరూ ఆర్‌సెటి అంటారు, బ్యాంకులు నడుపుతాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతే ఇది. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. 18 నిండాలి. కోర్సు అయ్యాక రెండేళ్లు వాళ్లే ఫాలో అప్ చేస్తారు.

నేను సెల్‌ఫోన్ రిపేరింగ్ నేర్చుకుందామని వెళ్లాను. నాకు పనికొచ్చింది మాత్రం మొదటి వారం ఆటలు. ఒకడి కళ్లకు గంతలు కట్టి, చెక్క దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్చమంటారు. పక్కవాళ్లు మాటలతోనే దారి చూపాలి. 'కొంచెం ఎడమకు, ఆగు, ఆగు' అని అరిచేసరికి నా బిడియం ఎటు పోయిందో! ఎన్ని దిమ్మెలు పేరుస్తావో ముందే చెప్పాలి. నేను పన్నెండన్నాను, ఏడుకే కూలింది.

తోడు వెళ్లకండి. ఆధార్, మెమోలు, ఫోటోలు ఇచ్చి బస్సెక్కించండి, దరఖాస్తు వాడే నింపుకుంటాడు. వ్యాపారం వద్దు, ఉద్యోగమే కావాలంటే ఊళ్లలోని యువతకు ఉద్యోగాల కోసం శిక్షణ ఇచ్చే దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన బ్యాచ్‌ల గురించి మండల సమాఖ్యలో అడగమనండి.