సంచార చర్య: పునరుక్తి దోషమా?

సందేహం: వాయుస్థితిలో జరిగే ఒక రసాయన చర్య గురించిన వ్యాసంలో 'సంచార చర్య' అన్నారు. రెండు మాటలకూ ధాతువు ఒకటే కదా, పునరుక్తి కాదా? 'దారి తప్పిన చర్య' అంటే సరిపోదా? అందులోనే 'పరమాణువు చేత లాగబడినది' అని కూడా ఉంది.

సమాధానం: ధాతువు ఒకటే, సందేహం లేదు. 'చర'కు ధాతుపాఠం గమనంతో పాటు భక్షణం అనే అర్థమూ చెబుతుంది. తిరుగుతూ మేయడమన్నమాట. ఆవులు తిరిగే మేర గోచరం. తర్వాత అదే ఇంద్రియాలకు అందే మేర అయింది. నిశాచరుడు, ఖేచరుడు సరేసరి. నలుగురూ నడిచే తీరు ఆచారమైతే, దాన్ని విడిచిపోవడం వ్యభిచారం. ఈ మాటను పోలీసు వార్తలకు అప్పగించి చేతులు దులుపుకున్నాం గానీ, సాధ్యం, అంటే రుజువు చేయదలచినది, లేనిచోట కూడా కనబడే హేతువును తర్కంలో సవ్యభిచారం అంటారు. నాట్యశాస్త్రం చెప్పిన, మనసులో వచ్చిపోయే 33 వ్యభిచారి భావాలకే సంచారి భావాలని మరో పేరు. మర్యాదస్థులం కాబట్టి రెండోదే వాడుతున్నాం!

ఇక ఆ చర్య సంగతి. అతినీలలోహిత కాంతి పడితే ఫార్మాల్డిహైడ్ అణువు హైడ్రోజన్ అణువుగా, కార్బన్ మోనాక్సైడ్‌గా విడిపోతుంది. అందుకు ఒక శక్తి కనుమ, అంటే కొండల నడుమ కనుమలా అడ్డుండే శక్తి మెట్టు, దాటాలని పాఠ్యపుస్తకాల మాట. 1993లో చేసిన ప్రయోగాల్లో కొన్ని కార్బన్ మోనాక్సైడ్ అణువులు లెక్కకు లొంగకుండా మరీ నెమ్మదిగా గిరికీలు కొడుతూ కనిపించాయి. 2004లో గుట్టు తేలింది. ఒక హైడ్రోజన్ పరమాణువు, పూర్తిగా తెంచుకుపోయే శక్తి చాలక, మిగిలిన ముక్క చుట్టూ తచ్చాడి రెండో హైడ్రోజన్‌ను లాక్కుపోతుంది. కనుమ జోలికే వెళ్లదు. అలా పుట్టిన హైడ్రోజన్ అణువు విపరీతంగా కంపిస్తుంది. తిరగడం, మేయడం, ధాతువుకున్న అర్థాలు రెండూ ఇక్కడ కుదిరాయి చూడండి!

'దారి తప్పిన' అనడం నాకు నచ్చదు. దారి తప్పినవాడు ఊరు చేరడు. ఇక్కడ చివరికి వచ్చేవి ఆ రెండు అణువులే. పునరుక్తి అంటారా, 'దినచర్య'లో నడకను ఎవరూ వెతకరు, కనుక దోషమనలేను. చెవికి కాస్త బరువే. 'తచ్చాడే దారి' అని ఉంటే సంతోషించేవాణ్ణి. శాస్త్రజ్ఞులు ఒప్పుకుంటారో లేదో.

ఆ 'లాగబడినది'ని మాత్రం క్షమించలేను. పరమాణువు లాగింది. అంతే.