కాంటెస్సాకు ఏ ఇంజన్ మేలు? కొనే ధరను కాదు, నడిపే ఏళ్లను లెక్కించండి

ప్రశ్న: నా వయసు 43. హనుమకొండలో జూనియర్ కళాశాల అధ్యాపకుణ్ణి. చేతికి అందే జీతం నెలకు లక్షా 5 వేలు. గృహరుణం కిస్తీ 22 వేలు, ఇంకా 9 ఏళ్లు కట్టాలి. ఇంటి ఖర్చు 45 వేలు, మ్యూచువల్ ఫండ్లలో సిప్ 15 వేలు. ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 9 లక్షలు, ఫండ్లలో 5 లక్షలు ఉన్నాయి. టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా తీసుకున్నాను. అమ్మాయి పదో తరగతిలో చేరింది. చిన్నప్పటి నుంచి నాకు కాంటెస్సా కారంటే ప్రాణం. ఇప్పటికి మూడు చూశాను. కరీంనగర్‌లో 1.5 లీటర్ల పెట్రోల్ బండి 2.25 లక్షలు. అది కదిలే స్థితిలో లేదు, ఆర్‌సీ గడువు కూడా తీరింది. నిజామాబాద్‌లో డీజిల్ బండి 3 లక్షలు. హైదరాబాద్‌లో జపాన్ కంపెనీ ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఉన్న బండి చక్కగా నడుస్తోంది, 5.5 లక్షలు అడుగుతున్నారు. కరీంనగర్ బండి కొని, 1.8 లక్షలతో మరో కంపెనీ జపాన్ ఇంజన్, గేర్‌బాక్స్ వేయించుకుంటే చవక అని మెకానిక్ అంటున్నాడు. డిపాజిట్ తీసి కొనవచ్చా? పాత కార్ల ధరలు పెరుగుతున్నాయి కదా, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: కొనండి. మూడింటిలో 1.8 ఇసుజు పెట్రోలునే కొనండి. అయితే ఈ నెలలో కాదు, 5.5 లక్షలకూ కాదు. పెట్టుబడి అనే ఆలోచన మాత్రం పూర్తిగా వదిలేయండి. మీ ప్రశ్నలో ఇంజన్, డబ్బు వేర్వేరు సంగతులుగా కనిపిస్తున్నాయి. ఇలాంటి బండి విషయంలో అవి వేరు కావు. మీరు ఎంచుకునే ఇంజనే రాబోయే పదేళ్ల ఖర్చును నిర్ణయిస్తుంది.

హిందుస్థాన్ మోటార్స్ 1984లో కాంటెస్సాను మార్కెట్లోకి తెచ్చింది. శరీరం బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ కారుది. పొడవైన బానెట్, వెనక చక్రాలను తిప్పే ఇంజన్, వెడల్పాటి కూర్చునే చోటు. లోపల పెట్టింది మాత్రం అంబాసిడర్‌లోని 1489 సీసీ బి-సిరీస్ ఇంజనే. దాని శక్తి 50 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉంటుంది. ఆ ఇంజన్‌ను తక్కువ చేయవద్దు. 1955లో వచ్చిన ఎంజీఏ అనే బ్రిటిష్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోనూ ఈ కుటుంబానికే చెందిన 1489 సీసీ ఇంజన్ ఉండేది. రెండు కార్బురేటర్లతో అక్కడ 70 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఇచ్చేది. ఆ కారు చిన్నది, తేలికైనది కాబట్టి నడిపేవారికి హుషారు దక్కింది. కాంటెస్సా పెద్ద కారు. నలుగురు కూర్చుని జాతీయ రహదారి మీద లారీని దాటాలనుకుంటే 1.5 ఇంజన్ ఆయాసపడుతుంది. చూడటానికి అందమైన బండి, నడపబోతే నీరసం. రెండు నెలల తర్వాత అది షెడ్డులోనే ఉండిపోతుంది.

1980ల చివర్లో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్లతో వచ్చినప్పుడే ఈ కారు తన రూపానికి తగ్గట్టు నడిచింది. 90 హార్స్‌పవర్ లోపు శక్తి అంటే ఈనాటి కార్ల పక్కన పెద్ద అంకె కాదు. కానీ హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడికి వెళ్లే దారిలో, చెట్ల మధ్య మూడో గేరు నుంచి నాలుగుకు మారుతున్నప్పుడు బండి సునాయాసంగా ముందుకు సాగడం వేరే అనుభవం. మీరు కోరుకుంటున్నది అదే అని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. డీజిల్ బండిలో రెండు లీటర్ల ఇసుజు ఇంజన్ ఉంటుంది. గట్టిది, మైలేజీ బాగుంటుంది, కానీ ఆ మోత, ఆ నిదానం మీకు ఆనందం ఇవ్వవు. రోజూ తిరిగేవారికి అది సరిపోతుంది, మీకు కాదు.

విడిభాగాల సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఈ మూడు ఇంజన్లకూ అంబాసిడర్‌లో బంధువులున్నాయి. అంబాసిడర్ తయారీ 2014 దాకా సాగింది. 1990ల నుంచి దానిలో కూడా 1.8 ఇసుజు పెట్రోల్, ఆ తర్వాత రెండు లీటర్ల ఇసుజు డీజిల్ వేశారు. కాబట్టి పిస్టన్లు, గ్యాస్కెట్లు, వాటర్ పంపు వంటివి వెతికితే దొరుకుతాయి. వరంగల్ ఆటోనగర్‌లో అంబాసిడర్ల మీద చేయి తిరిగిన పెద్ద మేస్త్రీ ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి. అసలు దొరకనివి కాంటెస్సాకు మాత్రమే ప్రత్యేకమైనవి: ముందు అద్దం, వెనక లైట్లు, గ్రిల్లు, డ్యాష్‌బోర్డు, తలుపుల చుట్టూ ఉండే రబ్బర్లు. ఇంజన్‌ను డబ్బు పెట్టి బాగు చేయించవచ్చు. పోయిన గ్రిల్లు కోసం నెలల తరబడి తిరగాలి. కరీంనగర్ బండి ధర తక్కువగా ఉండటానికి కారణం ఇంజన్ ఒక్కటే అనుకోకండి.

ఇప్పుడు మెకానిక్ చెప్పిన చవక లెక్కను కాగితం మీద పెట్టి చూద్దాం. బండి 2.25 లక్షలు, ఇంజన్, గేర్‌బాక్స్ 1.8 లక్షలు, కలిపి 4.05 లక్షలు. ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండికి టింకరింగ్, పెయింటు, బ్రేకులు, వైరింగ్, టైర్లు కలిపి 1.5 లక్షలకు తగ్గదు. మొత్తం 5.55 లక్షలు. అంటే హైదరాబాద్‌లో నడుస్తున్న బండికి అడుగుతున్న ధరే! పైగా చట్టం ముందు మీరు నిలబడలేరు. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. రేపు ప్రమాదం జరిగితే ఆర్‌సీలో ఒక ఇంజన్, బానెట్ కింద మరొకటి చూసి బీమా కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించే అవకాశం ఉంది. ప్రమాదంలో మరొకరు గాయపడితే ఆ పరిహారం మీ మెడకు చుట్టుకోవచ్చు. మీ 9 లక్షల డిపాజిట్‌కు ఇంతకంటే పెద్ద ముప్పు నాకు కనిపించడం లేదు. ఆ ఆలోచనను ఇక్కడితో వదిలేయాలని గట్టిగా కోరుతున్నాను.

అమ్మే రోజున కూడా అసలు ఇంజన్ ఉన్న బండికే గిరాకీ. ప్రపంచమంతటా పాత స్పోర్ట్స్ కార్లలో ఇదే నడుస్తోంది. 1972, 73 నాటి పోర్షే 911ను చూడండి. ఒకే శరీరంలో 2.4 లీటర్ల ఇంజన్‌ను మూడు స్థాయుల్లో ఇచ్చారు. యూరప్‌లో ‘టీ’ (T) రకానికి 130, ‘ఈ’ (E) రకానికి 165, ‘ఎస్’ (S) రకానికి 190 హార్స్‌పవర్. ఈనాడు ఎస్ ధర టీ కంటే ఎంతో ఎక్కువ. కానీ మామూలు రోడ్డు మీద, మామూలు వేగంలో టీ ఇచ్చే ఆనందం ఏమీ తక్కువ కాదు. ఎస్ తన సత్తా చూపాలంటే ఇంజన్‌ను బాగా పరుగెత్తించాలి. సంత ధర కట్టేది అరుదైనదానికి, చేతికి నచ్చేది మరొకటి కావచ్చు. మన అదృష్టం ఏమిటంటే, కాంటెస్సాలో ఈ రెండూ ఒకే ఇంజన్ దగ్గర కలుస్తాయి. నడపడానికి హాయైనదీ, కొనేవారు వెతుక్కుంటూ వచ్చేదీ 1.8 పెట్రోలే.

ఏటా అయ్యే ఖర్చు చూద్దాం. నెలకు 250 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 3 వేల కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. 1.8 ఇంజన్ లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తే 333 లీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన 35,700. థర్డ్ పార్టీ బీమా ఇంజన్ సైజును బట్టి ఉంటుంది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416 రూపాయలు, 1500 దాటితే 7,897. జీఎస్టీతో కలిపితే మీకు దాదాపు 9,300 అవుతుంది. మరమ్మతులకు ఏటా 40 వేలు పక్కన పెట్టండి. అంతా కలిపి 85 వేలు, నెలకు 7 వేల పైచిలుకు. 1.5 ఇంజన్ బండికి లీటరుకు పది కిలోమీటర్లు వచ్చినా పెట్రోలు, బీమా కలిపి ఏడాదికి మిగిలేది 9 వేల లోపే. డీజిల్ బండి 13 కిలోమీటర్లు ఇస్తే ఇంధనంలో 13,500 మిగులుతుంది. ఆ కాస్త మిగులు కోసం నచ్చని ఇంజన్‌తో కాపురం చేయడం నాకు సమ్మతం కాదు. ఎక్కువ తిరిగేవారికి మైలేజీ ముఖ్యం. నెలకు 250 కిలోమీటర్లు తిరిగేవారికి స్టీరింగ్ పట్టుకున్నప్పటి సంతోషమే ముఖ్యం.

పెట్టుబడి ప్రశ్నకు జవాబు కూడా ఈ అంకెల్లోనే ఉంది. పెట్రోలును ఆనందం ఖాతాలో రాసేసినా, బీమా, మరమ్మతులే 49 వేల పైన. 5 లక్షల బండి మీద అది దాదాపు 10 శాతం. అంటే ఏటా 10 శాతం ధర పెరిగితేనే మీ డబ్బు అక్కడికి అక్కడ నిలుస్తుంది. ఇంట్లో అవసరం వచ్చిన వారంలో దీన్ని కొనేవారు దొరకరు. అపురూపమైన పాత బండ్లకు ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు నిండాలి. అంటే తొలి కాంటెస్సాకే 2034 రావాలి. పన్ను విషయంలో ఒక చిన్న ఊరట ఉంది. సొంతానికి వాడుకునే కారు వ్యక్తిగత వస్తువు కిందకు వస్తుంది కాబట్టి లాభానికి అమ్మినా మూలధన లాభాల పన్ను ఉండదు. నష్టం వస్తే దాన్ని ఎక్కడా చూపించుకోలేరు కూడా.

డబ్బు ఎలా సమకూర్చాలి? కిస్తీ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 67 వేలు. ఆరు నెలలకు 4 లక్షలు డిపాజిట్‌లో కదపకుండా ఉంచండి. అమ్మాయి మూడేళ్లలో డిగ్రీయో ఇంజనీరింగో మొదలుపెడుతుంది. ఆ తొలి ఏడాది కోసం మరో 2.5 లక్షలు. మిగిలిన 2.5 లక్షలే కారుకు మీరు తాకగలిగింది. సిప్ ఆపవద్దు. పైగా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేసరికి ఫండ్లలోని సొమ్మును కొంచెం కొంచెంగా డిపాజిట్‌కు మార్చండి. జీతంలో అన్నీ పోను నెలకు 23 వేలు మిగులుతున్నాయి. అందులో 18 వేలను 15 నెలల పాటు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. వడ్డీతో కలిపి 2.8 లక్షలు అవుతుంది. అప్పుడు చేతిలో 5.3 లక్షలు. అందులో కారుకు 4.5 లక్షలు, తొలి ఏడాది మరమ్మతులకు 80 వేలు. కారు వచ్చాక నెలవారీ ఖర్చు ఆ 23 వేల నుంచే సాగిపోతుంది. ఇంత పాత బండికి మామూలు కారు రుణం దొరకడం కష్టం. వ్యక్తిగత రుణం గానీ, ఇంట్లో బంగారం కుదువ పెట్టడం గానీ చేయవద్దు. ఈలోగా హైదరాబాద్ బండి అమ్ముడైపోతే బాధపడతారని తెలుసు. అయినా ఆగండి, 15 నెలల్లో మరో 1.8 తప్పక ఎదురవుతుంది.

కొనే ముందు రెండు పనులు. మొదటిది కాగితాలు. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ ఆర్‌సీతో కలవాలి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, హరిత పన్ను కట్టాలి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు పునరుద్ధరణ రుసుము 10 వేలు అయింది. గడువు ఇంకా నాలుగేళ్లున్న బండికీ, రేపో మాపో ముగిసే బండికీ ధరలో తేడా ఉండాలి. ఆ మాట పట్టుకుని బేరమాడండి.

రెండోది ఇంజన్ పరీక్ష. మీ మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని అమ్మేవారికి ముందే చెప్పండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించండి, వాటి మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే ఇంజన్ విప్పాల్సి రావచ్చు. ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు జిడ్డు కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో చూడాలి, హెడ్ గ్యాస్కెట్ మీదే మొదటి అనుమానం. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంటోంది కాబట్టి పెట్రోలు వెళ్లే పాత రబ్బరు పైపులన్నీ కొన్న వారంలోనే మార్పించండి. వీలైతే ఈ పరీక్ష మే నెల మధ్యాహ్నం పెట్టుకోండి. రద్దీలో అరగంట నడిపాక కూడా ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలిస్తే 4.5 లక్షల మాట ఎత్తండి. కరీంనగర్ యజమానికి మాత్రం ఈ రోజే ఫోను చేసి, మీ కోసం బండి ఆపవద్దని చెప్పేయండి.