రెండు మానిటర్ల మీద ఒకే ఎడిటర్ కావాలంటే విమ్ వదిలేయండి

‘ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆఫీసు సర్వర్‌కి కనెక్టయి విమ్ వాడుతున్నాను. ఇంట్లో రెండు మానిటర్లున్నాయి. ఒకే విమ్‌ని రెండింటి మీదా తెరవడం ఎలా?’ అని ఒకరు అడిగారు. ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి నెట్ ద్వారా వెళ్లి పనిచేసే దారి. విమ్ అంటే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే అక్షరాల విండోలో, నడిచే ఎడిటర్.

కుదరదండీ. టెర్మినల్‌లో నడిచే విమ్‌కి ఒకటే స్క్రీను. టెర్మినల్ విండోనే రెండు మానిటర్ల మీదికి సాగదీసి మధ్యలో వీస్ప్లిట్ (నిలువుగా రెండు భాగాలు) చేసుకోవచ్చు, కానీ రెండూ ఒకే సైజువైతేనే బాగుంటుంది. నాది 14 అంగుళాల ల్యాప్‌టాప్, పక్కన 24 అంగుళాల మానిటర్. ఎంత సర్దినా కుదరలేదు.

అందుకే అందరిలాగే నేనూ రెండు ఎస్‌ఎస్‌హెచ్‌లు, రెండు విమ్‌లు తెరిచేవాణ్ణి. 2021 ఎండాకాలం, గుంటూరులో ఇంటి నుంచే పని. బిల్లుల లెక్క వేసే స్క్రిప్టు ఆ రాత్రికి పంపాలి. ఎడమ పక్క రెండు గంటల నుంచి దాన్ని మారుస్తున్నాను. అదే ఫైల్లో కింద ఉన్న ఫంక్షన్ కళ్లెదురుగా ఉండాలని మొదట్లోనే కుడి పక్క కూడా తెరిచి పెట్టుకున్నాను. స్వాప్ ఫైల్ (సేవ్ చేయని మార్పుల్ని విమ్ దాచే తాత్కాలిక ఫైలు) ఉందని, అంటే ఆ ఫైలు ఇంకోచోట తెరిచే ఉందని హెచ్చరిక వచ్చింది, ‘ఎడిట్ ఎనీవే’ నొక్కాను. పని అయ్యాక ఎడమ పక్కది సేవ్ చేసి మూసేశాను. కుడి పక్క చెకింగ్ కోసం పెట్టిన ఒక ప్రింట్ లైను తీసేసి సేవ్ కొట్టాను. ఫైలు మారింది, నిజంగా రాయాలా అని అడిగింది. అవతల మేనేజర్ ఫోను, టెన్షన్. వై నొక్కాను. కుడి పక్కనున్న పాత కాపీ కొత్తదాని మీద పడి రెండు గంటల పని పోయింది. ఎడమ విమ్‌ని పద్ధతిగా మూశాను కాబట్టి స్వాప్ ఫైలు కూడా లేదు. పాత వెర్షన్లు దాచే గిట్‌లోనూ కమిట్ చేయలేదు. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఒంటిగంట దాకా మళ్లీ రాస్తూనే కూర్చున్నాను.

టీమక్స్ (టెర్మినల్ సెషన్‌ని సర్వర్ మీదే నడుపుతూ ఉంచే టూల్) వాడమని చాలామంది చెబుతారు. కనెక్షన్ తెగినా పని పోకుండా ఉండటానికి అది చాలా మంచిది. కానీ ఒకే సెషన్‌కి రెండు చోట్ల నుంచి అటాచ్ అయితే రెండు చోట్లా అదే బొమ్మ. సెషన్ గ్రూపు చేసి వేరే వేరే విండోలు చూడొచ్చు గానీ, ఒక్కో విండోలో ఒక్కో విమ్. అంటే నా గుంటూరు రాత్రి మళ్లీ మొదలు. ఇక ఇలాంటి ప్రశ్న అడగ్గానే ‘పెద్ద వైడ్ మానిటర్ కొనుక్కో’ అనేవాళ్లంటే నాకు కోపం. ఉన్న రెండు మానిటర్లతో పని చేసుకోవాలనుకోవడం తప్పా?

దీనికి సరైన దారి ఈమాక్స్ అనే మరో ఎడిటర్. సర్వర్ మీద దాన్ని డీమన్‌గా, అంటే వెనకాల ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్‌గా, నడపండి. రెండు టెర్మినళ్ల నుంచీ, దానికి కనెక్టయ్యే ఈమాక్స్‌క్లయింట్‌ని మైనస్ టీ (-t) ఆప్షన్‌తో తెరవండి. 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుంచీ ఈ సదుపాయం ఉంది. ప్రాసెస్ ఒకటే, బఫర్ (ఎడిటర్ మెమరీలో తెరిచిన ఫైలు) ఒకటే. ఎడమ పక్క కొట్టిన అక్షరం కుడి పక్కా కనిపిస్తుంది, ఏ పక్క ఏ సైజైనా ఫర్వాలేదు. నెట్ పోతే ఆ ఫ్రేము (ఆ టెర్మినల్‌లోని ఈమాక్స్ స్క్రీను) మూసుకుపోతుందంతే, సేవ్ చేయని మార్పులు డీమన్‌లో అలాగే ఉంటాయి. విమ్ కీలు అలవాటైపోయాయని భయం వద్దు, ఈమాక్స్‌లో విమ్ కీలు పనిచేసేలా చేసే ఈవిల్ ప్యాకేజీ వేసుకోండి. నా వేళ్లు ఇప్పటికీ విమ్‌లో కిందికీ పైకీ కదిలే జే, కే కీల మీదే ఉన్నాయి.