కత్తెర పెట్టే ముందు నాకొకసారి చూపించు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ కబుర్లే చెప్పింది. మొదటి జీతంతో శ్రీకాళహస్తి కలంకారీ వెయిస్ట్‌కోటు, నీలిమందు అద్దిన మంగళగిరి నూలుతో కుట్టిన పొడవు కోటు కొన్నావట. రెండూ పేరున్న డిజైనర్లు చేసినవట. వాటిని పండగలకు దాచకుండా రోజూ ఆఫీసుకు ఒకదానిమీద ఒకటి వేసుకుంటానని అన్నావట. విని ఎంత పొంగిపోయానో! ముప్పై నాలుగేళ్లు విజయవాడలో మిషను తొక్కాను. మంచి బట్ట కొని, కుట్టించుకుని, బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్లనే ఎక్కువగా చూశాను. పదేళ్ల తర్వాత వదులు చేయమంటూ అదే బట్ట తెచ్చేవాళ్లు. ఒక్క ఉతుకు కూడా చూడని బట్ట, మడతలమీద చిరిగి ఉండేది.

ఆ తర్వాత మీ అమ్మ రెండో సంగతి చెప్పింది. అమ్మమ్మ పోచంపల్లి పట్టుచీరతో కూడా ఒక కోటు కుట్టిస్తావని, వచ్చే వారమే బొటిక్‌లో ఇస్తావని. ఇక నాకు నిద్ర పట్టలేదు. నాలుగింటికి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులో చెబితే నాకు గొంతు పూడుకుపోతుంది, నువ్వు సరే సరే అని పెట్టేస్తావు.

ముందు తేలిక సంగతులు. ఒంటికి తగిలే పొర పల్చని నూలుదే ఉండాలి. హైదరాబాదు ఎండలకు రెండు పొరలు చాలు, మూడోది సంచిలో పెట్టుకుని ఏసీ గదిలోకి వెళ్లాక వేసుకో. కలంకారీ వేసుకున్న రోజు మిగతావన్నీ ఒకే రంగువి, బొమ్మలు లేనివి. లోపలి కుర్తా, పైకోటు ఒకేచోట ఆగకూడదు. ఒకటి మోకాలిపైన ఆగితే రెండోది పిక్కల దాకా దిగాలి, లేకపోతే మనిషిని అడ్డంగా గీత గీసి కోసినట్టుంటుంది. అత్తరు ఒంటికి రాసుకో, జరీమీద చల్లకు, నల్లబడుతుంది. కలరా ఉండలు జరీకి ఆనించి పెట్టకు. పాత పంచెగుడ్డలో చుట్టి, వేపాకో నాలుగు లవంగాలో వెయ్యి.

కొనేటప్పుడు ఎవరూ చూడనిది చంకభాగం. పొరలుగా వేసుకునేవాళ్లు మొదట చూడవలసింది అదే. పైకోటు చంక లోపలి కుర్తా చంక కంటే కనీసం అరంగుళం లోతుగా ఉండాలి. లేకపోతే లోపలి చెయ్యి ముడతలు పడి చంకలో ఉండలు కడుతుంది, మధ్యాహ్నానికి భుజాలు లాగుతాయి, సాయంత్రానికి ఆ కోటుమీద కోపం వస్తుంది, మరుసటి వారానికి అది బీరువాలోకి పోతుంది. అద్దం ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తు, ముందుకు చాపు. బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు, కంప్యూటర్ ముందు కూర్చున్నట్టు. అప్పుడు వీపుమీద బట్ట బిగుసుకుంటే చంక దింపించుకో. కుట్టులో దాచిన బట్ట ఉంటే ఎవరైనా గంటలో చేసిపెడతారు.

నీలిమందు కోటు గురించి ఒక జాగ్రత్త. తెల్ల చేతిరుమాలు తడిపి దానిమీద గట్టిగా రుద్దు. నీలం అంటితే లోపల లేత రంగు కుర్తా వేసుకోకు, నాలుగు ఉతుకులు అయ్యేదాకా ముదురు రంగులే. కలంకారీని మాత్రం సబ్బుపొడిలో వేసి నానబెట్టకు తల్లీ. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డమీద వెదురు కలంతో గీసిన గీతలవి. కుంకుడు నీళ్లలో ముంచి తీసి, నీడన ఆరెయ్యి.

ఇక నేను మరీ మరీ చెప్పేది, నువ్వు నవ్వినా సరే. ఆ పొడవు కోటు వేసుకుని స్కూటీ నడపకు. 1996లో మా వీధి చివర ఒక అమ్మాయి చున్నీ స్కూటరు వెనక చక్రంలో చుట్టుకుంది. నేను కుట్టిన డ్రెస్సే, నేను అంచు కుట్టిన చున్నీయే. కొట్టులో నుంచి కేక విని పరుగెత్తాను. నా చేతిలో కత్తెర ఉండబట్టి మెడ దగ్గర కత్తిరించగలిగాను. ప్రాణం దక్కింది కానీ మెడచుట్టూ ఆ ఎర్రటి గీత నెలలపాటు ఉండిపోయింది. ఆనాటి నుంచి గాలికి ఎగిరే బట్ట కుట్టిన ప్రతిసారీ వేసుకునే పిల్లను బండి ఉందా అని అడిగేదాన్ని. నువ్వు కోటు మడిచి సీటు కింద పెట్టుకో, ఆఫీసుకు వెళ్లాక వేసుకో. మెట్రో స్టేషనులో కదిలే మెట్లు ఎక్కేటప్పుడు అంచులు చేత్తో ఎత్తి పట్టుకో. ఇది నాకు మాట ఇవ్వాలి.

ఇప్పుడు చీర సంగతి. మీ అమ్మకు కూడా తెలియని విషయం చెబుతున్నాను, అప్పట్లో తను హాస్టల్లో ఉండేది.

1989లో నాకు ఇరవై ఐదేళ్లు, కొట్టు పెట్టి ఏడాది. ఒక పత్రికలో పొడవు కోటు బొమ్మ చూశాను. చుడీదారుమీద అలాంటిది వేసుకుని కొట్టులో కూర్చుంటే నలుగురూ చూసి కుట్టించుకుంటారని ఆశ. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పెళ్లినాటి గద్వాల చీర ట్రంకుపెట్టెలో ఉంది. మీగడ రంగు నూలు, ఎర్రటి పట్టు అంచు, పట్టు కొంగు. అమ్మ కాశీయాత్రకు వెళ్లింది. వచ్చేసరికి చూపించి మురిపించాలని అనుకున్నాను. అడగాలని తోచనే లేదు. ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని బల్లమీద పరిచాను.

గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ మగ్గంమీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు, కుప్పడం అంటారు. నేను ఆ కలుపును అడ్డంగా కోసి భుజంమీదికి తెచ్చాను, ఎర్ర అంచు భుజంనుంచి గుండెమీదుగా దిగితే అందంగా ఉంటుందని. కొంగు మూలన జానెడు మేర పసుపు మరక ఉంది. దర్జీ కన్ను కదా, మరక కనబడితే ఊరుకోదు. ఆ మూల కోసి పీలికల సంచిలో పడేశాను. రెండు రాత్రులు కూర్చుని కుట్టాను. నిజం చెప్పాలంటే నా చేతిమీదుగా అంత అందమైన కోటు మళ్లీ రాలేదు. ఒక పెళ్లికి వేసుకువెళితే ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు.

పెళ్లినుంచి వచ్చాక తడిపాను. ఇరవై ఏడేళ్లలో ఆ చీరను ఎప్పుడూ నీళ్లలో పెట్టలేదు, అమ్మ నీడన ఆరేసి మడతపెట్టేది. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ ఆలోచించలేదు. నూలు కుంచించుకుపోయింది, పట్టు అలాగే ఉంది. ఆరేసరికి అంచు పొడుగునా అప్పడంలా అలలు లేచాయి. భుజం దగ్గర కోసిన కలుపు విడిపోయి పోగులు బయటికి వచ్చాయి. వీపుమీద పాత మడత గీతలు రెండు, పట్టి చూడగానే జర్రున చీలాయి.

అమ్మ నాలుగు రోజులకు వచ్చింది. దాచలేదు, చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది, కుట్టు బాగుందని కూడా అంది. ఆ తర్వాత అడిగింది: "కొంగు మూల పసుపు ముక్క ఎక్కడ పెట్టావే?" మరక అనుకుని పారేశానన్నాను. పెళ్లయ్యాక చేసిన మొదటి సత్యనారాయణ వ్రతంలో నాన్న ఉత్తరీయానికి ముడివేసిన మూల అది. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్లు. పీలికల సంచి కోసం పరుగెత్తాను. దిండ్లు కుట్టే ఆమె ముందురోజే పట్టుకుపోయింది. ఆమె ఇంటికి వెళ్లి మూడు దిండ్లు విప్పించాను తల్లీ, దొరకలేదు. నేను తిరిగి వచ్చేసరికి అమ్మ అన్నం వడ్డించి కూర్చుని ఉంది. చనిపోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ కోటు నేను మళ్లీ వేసుకోలేదు, పారేయనూ లేదు.

ఇప్పుడు నీ దగ్గరున్న పోచంపల్లి చీర 1984లో నాన్న కొన్నది. అమ్మకు ఆయన కొన్న ఆఖరి చీర అదే. ఆ ఏడు కార్తీకంలో వ్రతానికి కట్టుకుంది, నాకు బాగా గుర్తు. నాన్న పోయాక కట్టలేదు. అంటే నలభై ఏళ్లుగా అవే మడతల్లో ఉంది.

కత్తిరించవద్దని నేను అనను. పెట్టెలో కుళ్లిపోవడం కంటే నీ భుజాలమీద ఉండటమే నాకు ఇష్టం. కానీ ఇలా చెయ్యి. పగటిపూట కిటికీ దగ్గర విప్పు. ఒక్కో మడత వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడు. గీత వెంట వెలుతురు సన్నగా కారితే ఆ భాగం భుజానికి, మోచేతికి, చంకకు పనికిరాదు. బరువు పడని ముందుభాగానికి, జేబు మూతలకు వాడవచ్చు. లోపల నిండుగా నూలు లైనింగ్ వేయించు, ఆ లైనింగ్ ముందే ఒకసారి తడిపి ఆరేసినది కావాలి. కొంగు మాత్రం ముట్టుకోవద్దు. దాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా ఉంచి అంచులు కుట్టించుకుంటే ఏ కోటుమీదికైనా ఉత్తరీయంలా వేసుకోవచ్చు.

చీరమీది పువ్వును మధ్యకు కోయనివ్వకు. ముందు రెండు పలకలమీద బొమ్మ ఒకదానికొకటి అందాలి, దానికి బట్ట ఎక్కువ పోయినా సరే. ఆ పువ్వు అద్దింది కాదు. నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగులో ముంచి, ఆ రంగు మగ్గంమీద సరిగ్గా తన చోట పడేలా నేసింది. అందుకే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. చిటికి, అంటే ఆ ముడులు, కట్టే ముందు ఆసు పోయాలి, మేకులచుట్టూ దారం చుట్టాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు పైకీ కిందికీ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అమ్మమ్మ చీర ఆ యంత్రం రాకముందుది. ఎవరో ఒక తల్లి భుజంమీదుగా వచ్చిన పువ్వది.

నీకు ఆరేళ్లప్పుడు వేసవి సెలవులంతా నా మిషను కింద కూర్చుని పీలికలు ఏరేదానివి. బొమ్మకు నారాయణపేట ముక్క చుట్టి, దానిమీద వెంకటగిరి ముక్క, ఆపైన ఏదో అంచు కట్టి "పెద్దమ్మా, దీనికి చలేస్తోంది" అనేదానివి. మే నెలలో! ఆ పిల్ల ఇప్పుడు తన జీతంతో తనే పొరలు కొనుక్కుంటోంది. జీతంలో సగం వాటికే పోయి ఉంటుందని నా అనుమానం. మీ అమ్మకు చెప్పని ధర నాకు చెప్పు, తిట్టను. రెండు నెలలు మాత్రం ఇంకేమీ కొనకు, ఉన్నవాటినే మార్చి మార్చి వేసి చూడు.

బొటిక్‌వాళ్లకు దసరా తర్వాత ఇస్తానని చెప్పు. సెలవులకు వచ్చేటప్పుడు చీర తీసుకురా, నా బల్లమీద పరిచి ఇద్దరం సుద్దతో గీసుకుందాం. ఈ రోజు బస్సు పార్శిల్లో మూడు మీటర్ల తడిపి ఆరేసిన తెల్ల మల్లు, అదే పల్చని నూలు గుడ్డ, పంపుతున్నాను, లైనింగ్‌కు. దానితోపాటు ఆ గద్వాల కోటు కూడా. ఎడమ భుజం లోపలివైపు తిరగేసి చూడు, కలుపు ఎలా విడిపోయిందో తెలుస్తుంది.

ఈ ఉత్తరం అందిన రోజే పోచంపల్లి చీర కొంగు నాలుగు మూలలూ చూడు. ఎక్కడైనా పసుపు కనబడితే ఉతకకు, నాకు ఫోన్ చెయ్యి. స్కూటీమీద ఉన్నప్పుడు కాదు.

నీ పెద్దమ్మ